తెల్ల చొక్కా మీద మూడు చుక్కలు

ఇస్త్రీ అక్కకి ఊపిరితిత్తుల జబ్బట. దగ్గినప్పుడల్లా రక్తం పడుతోందట. నాలుగో అంతస్తు వాళ్ళ చొక్కా మీద కూడా పడిందట. కింద మొదలైన ఈ మాట మెట్లెక్కే కొద్దీ ఒళ్ళు చేసింది. పైకి చేరేసరికి ఆవిడ ఇక నెల దాటి బతకదని కూడా తేలిపోయింది.

నిజానికి ఆవిడ ఒక దవడ పన్ను పీకించుకుంది.

ఆ భవనంలో మెట్ల కింద ఆవిడ బల్ల ఉండేది. ఇరవై రెండేళ్ళు దాని ముందే నిలబడింది. నీళ్ళు చిలకరించే సీసా ఉన్నా వాడేది కాదు. సీసాతో అయితే చుక్కలు లావుగా పడతాయి. చెంబులో నీళ్ళు పుక్కిట పట్టి ఫుర్రుమని ఊదితే మంచు కురిసినట్టు పడతాయి. ఆ సంగతి అన్ని ఇళ్ళవాళ్ళకీ తెలుసు. మడతలు చూసి మురిసిపోయేవాళ్ళే తప్ప నోటి నీళ్ళ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

పళ్ళ డాక్టరు దూది కొరికించి పంపాడు. "గంటసేపు అలాగే పట్టుకో. రేపటిదాకా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, మాట్లాడొద్దు."

ఇంట్లో అత్తగారికి పండగే. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా కోడలు ఎదురు చెప్పని రోజొచ్చింది! ఏమే, ఇంకో రెండు కూడా పీకెయ్యమనకపోయావా?"

కోడలు నవ్వబోయి చెంప పట్టుకుంది.

గంట దాటాక దూది తీసేసింది. భర్త కారు డ్రైవరు. సాయంత్రం పనికి తెల్ల చొక్కా కావాలి. అత్తగారు స్నానానికి వెళ్ళాక నేల మీద దుప్పటి పరిచి, ఇస్త్రీ పెట్టె వేడి చేసింది. కాలర్ అయింది. చేతులయ్యాయి. వీపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే చెంబు అందుకుంది. నోరు దానంతటదే నీళ్ళు పట్టింది.

ఫుర్రుమంది.

చొక్కా మీద గులాబిరంగు మంచు పడింది. దాని వెనకే మూడు ఎర్రటి చుక్కలు. పంటి గుంటలో గడ్డకట్టిన నెత్తురు ఊడొచ్చేసింది. నోరంతా ఉప్పగా నిండిపోయింది. చేతికందిన గుడ్డ నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికింది.

సరిగ్గా అప్పుడే పాలావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆ భవనంలో అన్ని అంతస్తులకీ పాలు వేసేది కూడా ఆవిడే.

"అయ్యో అక్కా, ఏంటా రక్తం? నీదేనా?"

అవునని తలూపింది.

"ఎప్పట్నించి?"

రెండు గంటలైందని రెండు వేళ్ళు చూపించింది.

"రెండు నెలలా! ఇన్నాళ్ళూ దాచావా తల్లీ!"

కాదని తల అడ్డంగా ఊపి, చెంప చూపించబోయింది. ఆలోపే పాలావిడ ముక్కు మూసుకుని, ప్యాకెట్ మెట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

గడ్డ ఊడిన గుంట నాలుగు రోజులు చెవిదాకా సలిపింది. పంటి బిగువున భరిద్దామన్నా దవడ ఆనించనివ్వలేదు. గంజి తాగి, గోడకి తల ఆనించుకుని కూర్చుంది.

అయిదో రోజు బట్టల కోసం వెళ్ళింది.

"ఈ వారం బట్టల్లేవమ్మా," అంది మొదటి అంతస్తు ఆంటీ. ఆవిడ వెనక కుర్చీలో మూట కట్టే ఉంది.

"మావారు బయటిచ్చేద్దామంటున్నారు. ఏమనుకోకు," అన్నారు రెండో అంతస్తులో.

మూడో అంతస్తు మేడమ్‌కి ఆవిడ మడతలంటే ప్రాణం. "పన్ను పీకించుకున్నానండీ, అంతే," అని చెప్పబోతే, బిగుసుకున్న దవడలోంచి మాట ముద్దగా వచ్చింది. గుంట చూపిద్దామని నోరు తెరిచి ఒక అడుగు ముందుకేసింది. తలుపు పడింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. చేతులు కడుక్కుంటున్నారు.

నాలుగో అంతస్తుకి ఎక్కలేదు.

"నేనొచ్చి చెప్తాను, డాక్టరు చీటీ చూపిస్తాను," అన్నాడు భర్త.

"నోరు తెరిచి చూపిస్తేనే నమ్మలేదు. కాగితం నమ్ముతారా? వచ్చి ఆ బల్ల ఒక పక్క పట్టుకో, చాలు."

ఇద్దరూ బల్ల మోసుకుని ఇంటికొచ్చారు.

పన్ను పీకించుకునే ముందు రోజు, నొప్పికి ఒక కన్ను మూసుకుని, ఎవరికీ ఇబ్బంది కాకూడదని, అందరి బట్టలూ ఇస్త్రీ చేసి ఇళ్ళకి చేర్చేసింది. పాలావిడ వచ్చిన సాయంత్రం ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళాయన చొక్కా ఒక్కటే.