కన్నెమ్మక్క టోకెన్ల పట్టీ

నిన్న ఇత్తడి కుందులు ముందేసుకుని చింతపండుతో తోముతుంటే, పులుపూ లోహమూ కలిసిన ఆ వాసన వేళ్ళకు అంటుకుంది. సబ్బుతో కడుక్కున్నా పోలేదు. అందరికీ అది పండగ ముందు రోజు వాసన. నాకు మాత్రం తిరువళ్ళూరు రైల్వేస్టేషను బయట, రేకుల షెడ్డు కింద కూర్చుని ప్రతి శుక్రవారం ఇత్తడి బిళ్ళలు తోమే కన్నెమ్మక్క చేతుల వాసన. ఆమె సైకిల్ స్టాండు నడిపేది. అలాంటి మనిషిని ఊరు ఎన్నాళ్ళని గుర్తుపెట్టుకుంటుంది? రోజూ వందమంది ఆమె చేతిలోంచి టోకెను తీసుకునేవాళ్ళు, ముఖంలోకి చూసేవాళ్ళు తక్కువ. నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట. మాది తిరువళ్ళూరుకు పడమటి పక్కనున్న చిన్న నేతపల్లె. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి అన్నది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను పదో తరగతి ముగించి, కుట్టుపని నేర్చుకుని, ఆవడిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరాను. మా ఊరి బస్సును నమ్ముకుంటే పొద్దుటి రైలు దొరకదు. అందుకని నాయన కడంబత్తూరులో ఎవరి దగ్గరో ఒక పాత లేడీస్ సైకిలు కొనుక్కొచ్చాడు. మా పల్లెలో ఆడపిల్ల సైకిలెక్కడం అదే మొదలు. వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళ చూపులన్నీ వీపు మీద మోసుకుంటూ స్టేషను చేరేదాన్ని.

స్టాండులో అడుగుపెట్టగానే ముందు కనిపించేది గోడకున్న పలక. నల్లరంగు పూసిన పెద్ద చెక్క. దాని నిండా వరసగా మేకులు. మేకు మేకుకీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు జతగా వేలాడుతుండేవి. సైకిలు పెట్టగానే జతలో ఒక బిళ్ళ హ్యాండిలుకు తగిలించి, రెండోది మన చేతిలో పెడుతుంది. తిరిగొచ్చి మన బిళ్ళ ఇస్తే రెండూ మళ్ళీ మేకుకెక్కుతాయి. పలక నిండుగా మెరుస్తుంటే స్టాండు ఖాళీగా ఉన్నట్టు, మేకులు బోసిగా ఉంటే స్టాండు నిండినట్టు. భర్త పోయాక ఆడమనిషి ఈ పని ఏం చేస్తుందిలే అన్నవాళ్ళకు ఆ పలకే ఆమె జవాబు. షెడ్డు తుప్పు పట్టింది గానీ బిళ్ళలు ఎన్నడూ మాసిపోలేదు.

చేరిన కొత్తలోనే, ఒక సాయంత్రం రైలు దిగి చూసుకుంటే నా దగ్గర టోకెను లేదు. కిటికీ పక్కన కూర్చుని దానితో ఆడుకుంటూ ఎక్కడో జారవిడిచినట్టున్నాను. ఏడుపు ముఖంతో వెళ్ళి నిలబడ్డాను.

"పోగొట్టుకున్నావా?" అంది కన్నెమ్మక్క. "సరి, కూచో. అందురూ వాళ్ళ వాళ్ళ బండ్లు తీసుకున్నాక కడాన మిగిలేది నీది. అప్పుడిస్తా."

"అక్కా, నేను రోజూ వస్తాను కదా! అదిగో, ఆ బండి నాదేనని నీకు తెలీదా?"

"నాకు తెలుసు. ఈ పొద్దు నీకు తెలుసని ఇస్తే, రేపు ఇంకొకడొచ్చి నేను తెల్దా అంటాడు. నీ బండి భద్రంగా ఉండాల్నా వద్దా?"

నేను మూతి ముడుచుకుని బల్ల మీద కూర్చున్నాను. ఆమె మరమరాల పొట్లం ఒళ్ళో పెట్టింది. రైళ్ళు వచ్చాయి, పోయాయి. చీకటి పడుతుండగా నా సైకిలు ఒక్కటే మిగిలింది. దానిని నా చేతికిచ్చి, షెడ్డుకు తడిక అడ్డంపెట్టి, చెప్పులేసుకుని నా పక్కనే నడవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "ఇంత పొద్దుపోయినాక ఒక్కదాన్నే పంపిస్తానా?" అంది, అందులో వింతేముందన్నట్టు. మా పల్లె మొదట్లో దీపాలు కనబడేదాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్కతే వెనక్కి తిరిగింది. దారి పొడుగునా తన సంగతులేమీ చెప్పలేదు. మా ఫ్యాక్టరీలో మిషన్లు ఎలా తిరుగుతాయో, కాజాలు ఎలా కుడతారో అడిగి తెలుసుకుంది.

ఆ తరవాత నేను రైలుకు కాస్త ముందే రావడం అలవాటు చేసుకున్నాను. ఆమె బడికి పోలేదు, అంకెలు మాత్రం వచ్చు. తమిళం, తెలుగు రెండూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేది. నవ్వితే పెద్దగా నవ్వేది. ఏటా ఆడికృత్తిక తిరనాళ్ళకు తిరుత్తణిలో గుడి కొండ కింద వారంపాటు స్టాండు వేసేది. అక్కడ గోడ లేదు, పలక లేదు. బిళ్ళలన్నీ డబ్బాలో పోసుకుని ఒక్కో జతా వెతికేసరికి జనం మీదపడేవాళ్ళని చెప్పింది. నేను నాయన మగ్గం మీద పడుగు చివర మిగిలిన ముతక గుడ్డ తెచ్చి ఒక పట్టీ కుట్టాను. మెడలోంచి ఏటవాలుగా నడుందాకా వచ్చేటంత పొడుగు. దాని నిండా చిన్న చిన్న జేబులు, జేబుకొక జత. ప్రతి జేబు మీదా ఎర్రదారంతో నంబరు. బిళ్ళ పైఅంచు బయటికి కనబడేలా జేబు లోతు తగ్గించాను, ఏది ఉందో ఏది లేదో ఒక్క చూపులో తెలిసిపోవాలని. అది వేసుకుని ఆమె షెడ్డులో అటూ ఇటూ నడిచింది. బిళ్ళలు గలగలలాడాయి. "నా పెండ్లికి గూడా ఇంత బంగారం ఏసుకోలేదు మే!" అని పకపకా నవ్వింది.

ఆ ఏడే నాకొక సంబంధం వచ్చింది. పిల్ల సైకిలు మీద రోడ్డెక్కి ఫ్యాక్టరీకి పోవడమేమిటని మగపెళ్ళివాళ్ళు అన్నారట. అన్న నాతో పని మానెయ్యమన్నాడు. నేను మాననన్నాను. నాయన మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. ఒక సాయంత్రం పెద్దవాన పట్టుకుంటే సైకిలు స్టాండులోనే వదిలి బస్సులో ఇంటికొచ్చాను. తెల్లారి చూస్తే నా సంచిలో టోకెను లేదు, ఇంట్లో అన్న లేడు. బస్సు పట్టుకుని పరుగున స్టాండు చేరాను.

"మీయన్న వచ్చినాడు. టోకెను తెచ్చినాడు. బండి ఇచ్చేసినా," అంది కన్నెమ్మక్క.

"ఎందుకిచ్చావక్కా? అది నాదని నీకు తెలుసు. వాడు ఎందుకు తీసుకెళ్ళాడో కూడా తెలుసు!"

"తెలుసు. అయినా టోకెను తెచ్చినోడికి బండి ఇయ్యాల. అది నేను ఊరికంతా ఇచ్చిన మాట, నీకొక్కదానికి మార్చేదానికి లేదు." ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. లోపలికి పోయి, గోనెపట్టా కప్పివున్న ఒక సైకిలును బయటికి నడిపించుకొచ్చింది. ఆమె భర్త తొక్కిన సైకిలు అది. ఆయన పోయినప్పటి నుంచీ దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు. "బండి ఇయ్యమన్నాడు, ఇచ్చినా. నిన్ను పనికి పంపొద్దని ఏ టోకెన్లో రాసిండాది? ఇది తీసుకో. సాయంత్రం దీంట్లో ఇంటికి పో."

మధ్యలో కడ్డీ ఉన్న ఎత్తు సైకిలు. చీరతో అది ఎక్కడం వారంపాటు ఆమే నేర్పించింది, వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతూ. పడ్డాను, మోచేతులు గీరుకుపోయాయి, ఒకసారి ఇద్దరం కలిసే కాలవ గట్టు మీద పడి లేవలేక నవ్వుకున్నాం. ఆ సైకిలు మీద నేను మా వీధిలోకి వచ్చిన రోజున అన్న గడపలో నిలబడి చూశాడు. ఆ సంబంధం తప్పిపోయింది. అప్పటి నుంచి వాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే చట్టిలో సంగటి తింటూ, నెలల తరబడి.

మరుసటి ఆడికృత్తికకు నేను సెలవు పెట్టి కన్నెమ్మక్కకు తోడుగా తిరుత్తణి పోయాను. కొండ దారంతా కావళ్ళు, పసుపు చీరలు, పూలు, అరోహర కేకలు. ఆమె సైకిళ్ళు సర్దుతుంటే పట్టీ నేను వేసుకుని టోకెన్లిస్తున్నాను. చివరి రోజు మధ్యాహ్నం దాటాక గుంపులోంచి అన్న వచ్చాడు. గుండు మీద చందనం ఇంకా తడిగా ఉంది. మొక్కు ఉందని ఊరి మగవాళ్ళతో కలిసి సైకిళ్ళ మీద వచ్చారట. నేను అవతల ఉన్నప్పుడు కన్నెమ్మక్క దగ్గర టోకెను తీసుకున్నట్టున్నాడు. ఇప్పుడు పట్టీతో నన్ను చూసి ఒక క్షణం తడబడ్డాడు.

"టోకెను యాడనో పడిపోయింది. మెట్ల మీద తొక్కుడు," అన్నాడు. నెలల తరవాత వాడు నాతో అన్న మొదటి మాట అది. వేలు చాపి చూపించాడు. నా లేడీస్ సైకిలే. "ఆ బండి. అది ఎవురిదో నీకు తెలీదా?"

దాని సీటు చిరుగు కుట్టింది నేనే. నేను కన్నెమ్మక్క వైపు చూశాను. ఆమె సైకిలు తాడు ముడి వేసుకుంటూ, "పట్టీ నీ మెడలో ఉండాది. నువ్వే చెప్పు," అంది.

"కూచో అన్నా," అన్నాను. "అందరూ తీసుకున్నాక కడపటిది నీది. అప్పుడిస్తా."

వాడి ముఖం ఎర్రబడింది. తోడొచ్చినవాళ్ళు నవ్వారు, కాసేపు ఆగి వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. వాడు వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాడు. తుంపర మొదలైంది. కన్నెమ్మక్క పోయి గోనెసంచి ఒకటి వాడి తల మీద కప్పి, నిమ్మకాయ సాదం పొట్లం చేతిలో పెట్టి తిరిగొచ్చింది. జనం వస్తూనే ఉన్నారు. ఎక్కడెక్కడి మగవాళ్ళో నా ముందు వరసలో నిలబడి, "టోకెను ఇయ్యమ్మా", "బండి భద్రం తాయీ" అంటున్నారు. ఒక ముసలాయన బండి దొరికిన సంతోషంలో విభూతి తీసి నా నుదుట పెట్టాడు. అన్న అదంతా చూస్తున్నాడు. మొదట నేల వైపు చూసేవాడు, తరవాత తరవాత నా వైపు.

పొద్దు వాలేసరికి ఒక్క సైకిలు మిగిలింది. నేను దాన్ని నడిపించుకుంటూ పోయి ఎదుట నిలబెట్టాను. అన్న లేచాడు. హ్యాండిలు పట్టుకుని, బెల్లు ఒకసారి మోగించి, మళ్ళీ నా చేతికే తోశాడు.

"నువ్వే తొక్కుకో," అన్నాడు. "నేను రైల్లో పోతా." రెండడుగులు వేసి ఆగాడు. "రేపు ఎన్ని గంటలకొస్తావు? నాయన అడుగుతాడు."

నాయన ఎన్నడూ అడగడని మా ఇద్దరికీ తెలుసు. వాడు కనుమరుగయ్యాక నేను పట్టీలో ముఖం దాచుకుని ఏడ్చాను. కన్నెమ్మక్క నన్ను ఓదార్చలేదు. "ఏడువు, ఏడువు. అయినాక సీక్రం గుంజలు పీకాల, లారీ వచ్చేస్తాది," అంది.

నేను ఆ ఫ్యాక్టరీలోనే నిలిచిపోయాను. తరవాత వచ్చిన సంబంధానికి, పిల్ల పనికి పోతుందని ముందే చెప్పి మాట్లాడినవాడు అన్నే. ఎనభైల నడుమ మోపెడ్లు ఎక్కువయ్యాయి, స్టాండు వేరేవాళ్ళ చేతికి పోయింది. కన్నెమ్మక్క అరక్కోణంలో చెల్లెలి దగ్గరకు చేరింది. ఒకసారి వెళ్ళి చూశాను. చూపు మందగించింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. ఆవడిలో మిషన్లు ఇప్పుడు కరెంటుతో తిరుగుతున్నాయా అని అడిగింది. ఆ మరుసటేడు ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను సూపర్‌వైజరునయ్యాక, ఒక కొత్తపిల్ల వరసగా ఆలస్యంగా వస్తుండేది. ఆలస్యమైతే ఆ పూట మిషను ఇవ్వకూడదు. ఇవ్వలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరిగింది. పది అడుగులు పోనిచ్చి వెనకే వెళ్ళాను. చంటిబిడ్డను అప్పగించడానికి పొద్దున్నే మనిషి దొరకడం లేదట. మధ్యాహ్నం పూటకు ఆమె పని మార్పించేదాకా నేనూ కుదురుగా కూర్చోలేకపోయాను. కాదనవలసినప్పుడు కాదనడం నాకు కష్టం కాదు. కాదన్నాక ఆ మనిషి ఇల్లెలా చేరుతుందన్న ఆలోచన మాత్రం, ఉద్యోగం ముగిసిన ఇన్నేళ్ళకు కూడా, నన్ను గడప దాటించి వాళ్ళ వెంట నాలుగడుగులు నడిపిస్తూనే ఉంది.