కారం పడని వీరుడు

యలమందయ్యకు కారం పడదు. పర్చూరు పక్క పల్లెలో మిరప కల్లాలకు కాపలా కాసే మనిషికి ఇంతకు మించిన అవమానం ఉంటుందా? అందుకే ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు పాపం. పెళ్లి భోజనాల్లో పచ్చడిని విస్తరి కింద దాచేవాడు. కళ్లలో నీళ్లు తిరిగితే కల్లం ఘాటు మీదకు నెట్టేసేవాడు.

ఓ మాఘమాసంలో కల్లం పక్కన డ్రాగన్ ఒకటి వచ్చి వాలింది. అది తుమ్మితే నిప్పు. ఎండుమిరపకాయల దగ్గర నిప్పంటే మాటలా? హడలిపోయిన ఊరు దాన్ని తరిమి రమ్మని యలమందయ్యను పంపింది. మోటార్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, డ్రమ్ము మూతను డాలుగా పట్టుకుని, మన వీరుడు వణుక్కుంటూ వెళ్లాడు.

“ఎందుకొచ్చావ్ ఇక్కడికి?”

“చలేస్తోందండీ. ఇక్కడ వెచ్చగా ఉంది. తుమ్మొస్తే కాలవ వైపు తిరిగి తుమ్ముతాను, ఉండనివ్వండి” అంది డ్రాగన్.

యలమందయ్యకు జాలేసింది. తరమడం మానేసి ఊరివాళ్లనే పిలుచుకొచ్చాడు.

ఆ ఊళ్లో ఒక ఆచారముంది. కొత్తకోడలైనా, కౌలుకొచ్చిన రైతైనా, కల్లంలో నలుగురి ఎదుట పండుమిరప పచ్చడితో తొలి ముద్ద తినాలి. తింటే ఊరివాళ్లే. డ్రాగన్ ఉండాలన్నా అంతే అన్నారు. దాని ముద్దలో యలమందయ్య నెయ్యి వేయబోతుంటే ఊరిపెద్ద అంకమ్మరావు ఆపాడు.

“నిప్పులు కక్కేదానికి నెయ్యెందుకు?”

ముద్ద మింగిన డ్రాగన్ చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఏడుస్తూ పోయి కాలవలో తల పెట్టింది. జనం పడీపడీ నవ్వారు. అది సిగ్గుతో తోక ముడుచుకుని పొలాలకేసి నడిచింది.

యలమందయ్య మనసు చివుక్కుమంది. ఆ నవ్వుకు భయపడే కదా తను బతుకంతా దాక్కున్నది. హెల్మెట్ తీసి కింద పెట్టి, అందరూ చూస్తుండగా పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముక్కు ఎర్రబడింది, కళ్లు ధారలు కట్టాయి.

“నాకూ పడదు. దాన్ని పంపిస్తే నన్నూ పంపించండి” అన్నాడు ఎక్కిళ్ల మధ్య.

భార్య పిచ్చమ్మ పెరుగు గిన్నెతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. “ఎవరికి తెలీదనుకున్నావయ్యా? పెళ్లైన కాణ్ణుంచీ నీ కూర విడిగా వండేది ఎవరు?”

“విస్తరి ఎత్తేవాళ్లందరికీ తెలుసురా” అన్నాడు అంకమ్మరావు.

“మరి ఎవరూ అనలేదేం?”

“ఏమంటాం? మనోడివి.”

యలమందయ్యకు ఈసారి వచ్చిన కన్నీళ్లు కారానివి కావు. పిచ్చమ్మ అప్పటికే పొలాల వైపు కేకేసింది. “ఏమ్మా, ఎక్కడికి పోతావ్? రా, పెరుగన్నం తిను.”

ఆ ఏడు నుంచి కల్లంలో పచ్చడి పక్కన పెరుగు కుండ కూడా పెడుతున్నారు. మొదటి రోజు అందరికంటే ముందు అందులో గరిటె ముంచింది అంకమ్మరావే.