తలకిందులుగా నిలిచిన కవర్లు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. దిష్టి తీయించుకోవడానికి ఒప్పుకోని మొదటి మనిషిని కూడా నేనే. మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్ముతుంది. ఆమె నమ్మకాలు ఆమెవి. నేను భౌతికశాస్త్రం చదివాను. దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. అందుకే కిందటేడు మా తపాలా కార్యాలయంలో జరిగిన విషయాన్ని ఇంతకాలం కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు కూడా నేను స్వయంగా చూసినది మాత్రమే రాస్తున్నాను.

విశాఖలో ఓడరేవుకు దగ్గరగా ఉన్న చిన్న కార్యాలయం మాది. ఉత్తరాలకు ముద్ర వేసే ముందు, స్టాంపులన్నీ కుడివైపు పైమూలకు వచ్చేటట్లు కవర్లను వరుసగా పేర్చాలి. ముప్ఫయ్యేళ్ళకు పైగా ఆ పని చేసినవారు సింహాచలం గారు. నకిలీ స్టాంపు ఆయన బొటనవేలికి తెలిసిపోయేదని అందరూ అనేవారు. అనుమానం కలిగిన కవరును ఆయన పక్కన పెట్టేవారు కాదు. అదే వరుసలో తలకిందులుగా తిప్పి ఉంచేవారు. పోస్ట్‌మాస్టరు గారు వచ్చి వాటిని ఏరుకునేవారు.

ఒక ఆదివారం ఆయన ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. ఆ బల్ల నాకిచ్చారు.

అదే నెలలో నకిలీ అయిదు రూపాయల స్టాంపులు తిరుగుతున్నాయని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చేతిలో పట్టుకునే నీలి దీపం కూడా పంపారు. ఆ వెలుతురులో మామూలు కాగితం తెల్లగా మెరుస్తుంది. అసలు స్టాంపు మెరవదు. సాయంత్రం సంచీ కట్టే ముందు కవర్లన్నిటినీ ఆ దీపం కింద చూడడం నా పని.

ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటలకు కవర్లు పేర్చి టీకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వరుసలో రెండు కవర్లు తలకిందులుగా ఉన్నాయి. నేనే పొరపాటున పెట్టాననుకొని సరిచేశాను. సాయంత్రం దీపం కింద ఆ రెండింటి స్టాంపులే మెరిశాయి.

మర్నాడు మూడు. శుక్రవారం ఒకటి. ప్రతిసారీ తిరిగినవే మెరిశాయి. తిరగనిది ఒక్కటీ మెరవలేదు.

నాకు భయం కలగలేదు. కోపం వచ్చింది. ఏవి నకిలీవో దీపం లేకుండా ముందే తెలిసినవాడు వాటిని అంటించినవాడైనా, వాడికి తోడైనా అయి ఉండాలి. సింహాచలం గారి పద్ధతిలో తిప్పి పెట్టడం లోపలి మనిషి ఎవరికో గుర్తు అయి ఉండాలి. కెమెరా కౌంటరు వైపే చూస్తుంది, నా బల్ల వైపు చూడదు. తపాలా పెట్టెలు ఖాళీ చేసి సంచీ తెచ్చి నా బల్ల మీద గుమ్మరించేది అప్పలరాజు. అతడు రోజువారీ పనివాడు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఉద్యోగం పర్మనెంటు చేస్తారని పదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఆ కాగితాలు ఆ నెలలోనే కదిలాయి.

అదంతా తెలిసే, పోస్ట్‌మాస్టరు గారికి అప్పలరాజు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. తేదీలు, సంఖ్యలు, సమయాలు అన్నీ వేశాను. ఆ రాత చూసుకొని కొంత గర్వపడ్డాను కూడా.

అప్పలరాజును పిలిచి అడిగారు. అతడు నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు.

"నాను ముట్టుకోనేదు మేడంగారు. ఆ తిప్పడం సింహాచలం మావది. మీకు తెల్దేటి?"

విచారణ అయ్యేవరకు పనిలోకి రావద్దని అతణ్ణి పంపేశారు.

మరుసటి సోమవారం సంచీ వేరే మనిషి తెచ్చాడు. నేను కవర్లు పేర్చి, ఇనుప అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకొని టీకి వెళ్ళాను. వచ్చి తెరిచాను. నాలుగు కవర్లు తలకిందులుగా ఉన్నాయి.

సాయంత్రం దీపం కింద ఆ నాలుగే మెరిశాయి. ఈ మాట బయటపెడితే అప్పలరాజు బయటపడతాడు, నేను ఇరుక్కుంటాను. పెట్టకపోతే నా ఫిర్యాదు అతని ఉద్యోగాన్ని తినేస్తుంది. ఆ రాత్రి ఏమైందని అమ్మ అడిగితే చెప్పాను. ఆమె చేప పొలుసు తీస్తూ తల ఎత్తకుండానే అంది: "పని సేసినోడు పని సేసుకుంతన్నాడు. మజ్జిలో ఆ కుర్రోడి కూడు నువ్వెందుకు తీసేవే?"

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజున అలమర సంగతి చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, తాళంచెవి ఎవరి దగ్గర ఉందని. నా దగ్గరే అన్నాను. "అయితే తిప్పేది మీరే కావాలి కదమ్మా" అన్నారు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఆయన ఒక పరీక్ష పెట్టారు. ఇరవై ఖాళీ కవర్లు తీసుకున్నారు. మూడింటికి ముందే పట్టుబడిన నకిలీ స్టాంపులు అంటించారు. మిగిలిన పదిహేడింటికి మా కార్యాలయం బీరువాలోని రెండు కొత్త షీట్ల నుంచి స్టాంపులు చింపించి అంటించారు. అన్నిటినీ ఒకే వైపుకు తానే పేర్చి, గుడ్డ సంచీలో పెట్టి, లక్కతో సీలు వేసి, తన ముందే బల్ల మీద ఉంచుకున్నారు. అప్పలరాజును బయట బెంచీ మీద, నన్ను గదికి ఆ చివర కూర్చోబెట్టారు. అరగంట సేపు ఎవరూ లేవలేదు. పోర్టు వైపు వెళ్ళే లారీల హారన్లు తప్ప చప్పుడు లేదు.

ఆయనే సీలు పగలగొట్టారు. కవర్లు వరుసగా నిలబెట్టి లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.

పదకొండు తలకిందులుగా ఉన్నాయి.

ఆయన ముఖంలో చిరాకు కనిపించింది. "మూడు కదా పెట్టాను" అని తనలో తాను అనుకున్నారు. తర్వాత దీపం తీసి ఒక్కొక్కటీ చూశారు. పదకొండూ మెరిశాయి. అందులో ఎనిమిది మా బీరువాలోని షీట్లలో ఒక దాని నుంచి చింపినవి. ఆ షీటులో మిగిలిన స్టాంపులు కూడా మెరిశాయి. అంటే నకిలీ సరుకు వీధి నుంచి రావడం లేదు. సీలు వేసిన కవరులో పైనుంచి మాకే వస్తోంది, మా కౌంటరు నుంచే జనానికి వెళుతోంది. అప్పలరాజు ఏనాడూ ఆ బీరువాను ముట్టినవాడు కాదు.

ఆ షీటును ఇన్‌స్పెక్టరు గారు తన పెట్టెలో పెట్టుకొని తాళం వేశారు. విచారణ మా కార్యాలయం దాటి పైకి వెళ్ళింది. ఎక్కడ ఆగిందో మాకు చెప్పలేదు.

ఇక నేను రాయాల్సిన నివేదిక మిగిలింది. అందులో "నకిలీ అని ఎలా గుర్తించారు" అనే గడి ఒకటి ఉంది. నాకు తెలియదని రాయబోయాను. ఇన్‌స్పెక్టరు గారు నా కలాన్ని ఆపారు.

"తెలియదని రాస్తే, ఆ కవర్లు తిప్పిన మనిషి ఎవరని ఇంకో ఫైలు తెరుస్తారు. అందులో మొదటి పేరు అప్పలరాజుదే ఉంటుంది, మీరే రాశారు కాబట్టి. దీపం వల్ల అని రాయండి. దీపం తర్వాత కదా వెలిగించారు అని మీరు నన్ను అడగొద్దు, నేను మిమ్మల్ని అడగను."

బయట బెంచీ మీద అప్పలరాజు టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"నీలి దీపం సహాయంతో" అని రాసి సంతకం చేశాను. సోమవారం అతడు పనిలోకి వచ్చాడు. సంచీ నా బల్ల మీద పెట్టి, "లెక్కెట్టుకోండి మేడంగారు, నాను ఎనక్కి తిరిగి నిల్చుంతాను" అన్నాడు. ఇద్దరమూ నవ్వలేదు.

ఆ తర్వాత ఒక్క కవరు కూడా తిరగలేదు. తిప్పగల దారులన్నీ నాలుగు నెలలు వెతికాను; ఏదీ ఆ సీలు వేసిన సంచీ దగ్గర నిలబడలేదు. ఉద్యోగంలో చేరాక నేను సంతకం చేసిన వాక్యాలలో నిజం కానిది అదొక్కటే. దాని బదులు ఏం రాసి ఉండాలో నాకు ఈ రోజుకీ తెలియదు.