మామిడి రుచి రాని సీసాలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది పశ్చాత్తాపం కథ కాదు. నేను సిగరెట్లు కాల్చాను. పందొమ్మిదేళ్ళు కాల్చాను. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మొదలై, హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో బాగా ముదిరి, నాతోపాటు విమానమెక్కి అమెరికాలో ఫ్రీమాంట్ దాకా వచ్చిన అలవాటు అది. తర్వాత మానేశాను. మానడానికి వేప్ పట్టుకున్నాను. ఆ వేప్‌లో పోసే ద్రవాన్ని మా గరాజ్‌లో నేనే కలుపుకున్నాను. ఆడది ఇలాంటివి రాయడమేమిటని ఎవరికైనా అనిపిస్తే ఇక్కడితో చదవడం మానెయ్యొచ్చు. సిగరెట్ మానడంకంటే అది చాలా తేలిక.

వేప్ అంటే జేబులో పట్టేంత బ్యాటరీ పరికరం. లోపల చిన్న కాయిల్ వేడెక్కి గ్లిజరిన్‌తో చేసిన ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. మనం ఆ ఆవిరి పీలుస్తాం. అందులో కొంచెం నికోటిన్ ఉంటుంది, ఏదో ఒక రుచి ఉంటుంది. ఇది ఒంటికి మంచిదని నేననను. మా డాక్టరమ్మ కూడా అనలేదు. "సిగరెట్ వదిలించుకోడానికి కాబట్టి సరే, తర్వాత మెల్లిగా ఇదీ మానాలి" అంది. అలాగేనన్నాను. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అది ఏ గడ్డో చూసుకోడు.

నాకు దొరికిన గడ్డిపోచ మామిడి రుచి. షాపులో కొన్న మొదటి సీసాతోనే సిగరెట్ మీద మనసు పోవడం తగ్గింది. తొమ్మిది నెలలు హాయిగా గడిచాయి. ఇంతలో మా రాష్ట్రంలో పళ్ళ రుచులవి అమ్మడం ఆపేశారని నేను వెళ్ళే షాపులోనూ అరలు ఖాళీ చేసేశారు. పొగాకు రుచి ఒక్కటే మిగిలింది. పొగాకుని మర్చిపోదామని పట్టుకున్నదాంట్లో పొగాకు రుచే! అది నోట్లో పడగానే అసలు సిగరెట్ కావాలనిపించేది. అంటే మామిడి రుచి ఉంటే నేను బయటపడతాను, లేకపోతే మళ్ళీ అదే గోతిలో పడతాను. నా పరిస్థితి అంత సింపుల్‌గా ఉంది, అంత భయంగానూ ఉంది.

సరే, నేనే కలుపుకుంటానని గ్లిజరిన్, మామిడి ఫ్లేవర్, గ్రాములో వందో వంతు కూడా చూపించే చిన్న త్రాసు తెప్పించాను. నికోటిన్ పాతది కొంత ఉంది, చేతులకి గ్లవ్స్ వేసుకుని జాగ్రత్తగా వాడాను. మొదటి సీసా కలిపి పీల్చాను. అన్నం గంజి మీద వచ్చే ఆవిరికి, దానికి తేడా లేదు.

ఇలాంటప్పుడు అమెరికా వాడైతే కాగితం తీసి లెక్క సరిచూసుకుంటాడు. నేను కూర వండే చేత్తో మొదలుపెట్టాను. చప్పగా ఉందా, ఇంకాస్త వెయ్యి. వందలో పది పాళ్ళు చాలని సీసా మీద రాసుంటే ఇరవై వేశాను. రుచి రాలేదు, గొంతు మాత్రం గీరుకుపోయింది. తీపి తగ్గిందేమోనని తీపి చుక్కలు వేశాను, కాయిల్ మాడి బొగ్గయింది. రెండో రకం మామిడి కలిపాను, దానికి పీచ్ తోడిచ్చాను, పీచ్‌కి క్రీమ్ తోడిచ్చాను. ఒకరోజు వంటింట్లోంచి యాలకుల నూనె కూడా తెచ్చాను గానీ, ఇలా కలుపుకునేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో ఒక పెద్దాయన "నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే చస్తావు" అని చెడామడా తిట్టాడు. ఆ ఒక్క మాటా విన్నాను. మిగతాదంతా కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అయింది.

ఆ పెద్దాయనే మరో సలహా ఇచ్చాడు. కలిపిన వెంటనే పీల్చకుండా రెండు వారాలు చీకట్లో పెట్టాలట. ఈ మాట నాకు చెప్పాలా? ఆవకాయ కలిపిన పూటే తినేస్తామా, మూడో రోజు తిరగకలిపి ఊరనివ్వమూ? నా మీద నాకే నవ్వొచ్చింది. గరాజ్‌లో పెయింట్ డబ్బాల వెనక సీసాలు వరసగా పేర్చి, మీద తేదీలు రాసి, మధ్యలో ఒకసారి అన్నిటినీ కుదిపి మళ్ళీ పెట్టేదాన్ని. కాయిల్ కొత్తది వేశాను. రెండు వారాల తర్వాత తీసి చూస్తే ఎక్కడో పక్కింట్లో ఎవరో మామిడిపండు కోస్తున్నట్టు తెలీ తెలియనంత రుచి. అంతే. అలా పది సీసాలు తగలేశాను.

ఇక్కడ మా ఇంటి ఒప్పందం సంగతి చెప్పాలి. మా ఆయనా నేనూ ఇంజనీరింగ్‌లో ఒకే క్లాసు. నా మొదటి సిగరెట్‌కి అగ్గిపుల్ల గీసింది ఆయనే, ఇది కూడా రికార్డులో ఉండాలి. ఆయన ఉద్యోగంలో చేరగానే మానేశాడు, నేను మానలేకపోయాను. వేప్ పట్టుకున్నప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "నీ ఇష్టం, నేను వద్దనను. మనవాళ్ళకి మాత్రం తెలియనివ్వకు." మనవాళ్ళంటే నెలకో ఇంట్లో శనివారం భోజనాలకి కలిసే ఆరు తెలుగు కుటుంబాలు. అందుకని వేప్ గరాజ్‌లో మాత్రమే. పీల్చినప్పుడల్లా అక్కడ అగరొత్తులు వెలిగించాలి. ఇండియన్ స్టోర్ నుంచి పెద్ద ప్యాకెట్లు ఆయనే మోసుకొచ్చేవాడు. మొదట్లో ఆఫీసుకి వెళ్ళేదాన్ని కాబట్టి పొద్దునొకటి, సాయంత్రమొకటి. నేను ఇంటి నుంచే పని చెయ్యడం మొదలయ్యాక, సరిగ్గా ఈ సీసాలు కలపడం మొదలైన రోజుల్లోనే, రోజుకి పన్నెండైనా వెలిగేవి. చాలవన్నట్టు సాంబ్రాణి కప్పులు. సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తూనే ఆయన గుమ్మంలో ముక్కు ఎగబీల్చి, "వాసన లేదుగా?" అనేవాడు. ఎలా ఉన్నావన్న మాట తర్వాత.

మనవాళ్ళకి మాత్రం నా మీద గౌరవం పెరిగిపోయింది. "మీ ఇంటికొస్తే గుడికొచ్చినట్టుంటుందండీ, గరాజ్‌లో కూడా ధూపమే" అనేవాళ్ళు. ఒకావిడ నేనేం పారాయణ చేస్తున్నానో కనుక్కుంది. నేను భక్తితో తల వంచుకున్నాను. ఆ తల వంపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లోనే పప్పుచారులో ఇంగువ ఎక్కువవుతోందని ఆయన గొణిగేవాడు. "డబ్బా జారిపడిందా ఏంటి?" అనేవాడు. నాకేమో ఇంగువ వేసినట్టే అనిపించేది కాదు. నచ్చకపోతే నువ్వే వండుకోమన్నాను. రెండు రోజులు నిజంగానే వండాడు.

పదో సీసా కూడా పోయిన వారం గ్యాస్ స్టేషన్‌లో ఆగి సిగరెట్ ప్యాకెట్ కొన్నాను. కార్‌లో కూచుని ఒకటి తీసి వేళ్ళ మధ్య పెట్టుకున్నాను. అంతకాలం తర్వాత కూడా వేళ్ళు దాన్ని ఎంత చక్కగా పట్టుకున్నాయో! వెలిగించలేదు. ప్యాకెట్ మొత్తం నీళ్ళ బాటిల్‌తో తడిపేసి చెత్తలో పడేశాను. అది గెలుపనుకోలేదు. ఇంకోసారి కొంటే మాత్రం తడపనని నాకు తెలుసు.

ఆ తర్వాతే ఆఫీస్ పని మీద తూర్పు తీరంలో ఉన్న షాంటిలీ వెళ్ళాల్సొచ్చింది, ఐదు రోజులు. ఆశ లేకుండానే పదకొండో సీసా బ్యాగ్‌లో వేసుకున్నాను. మొదటి రెండు రోజులూ మామూలే. మూడో రోజు పొద్దున హోటల్ లాబీలో కాఫీ వాసన గట్టిగా తగిలింది. ఇక్కడ కాఫీ బాగుందే అనుకున్నాను. సాయంత్రం పార్కింగ్ లాట్ చివర నిలబడి వేప్ తీసి ఒక్క దమ్ము లాగాను.

మామిడి! బంగినపల్లి కాదు, అంత అబద్ధం చెప్పను. మామిడి తాండ్ర లాంటి రుచి, కాస్త పులుపు, చివర్లో ముక్కులోంచి వదులుతుంటే తియ్యటి వాసన. మళ్ళీ లాగాను, మళ్ళీ మామిడే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కన కార్‌లోంచి దిగినావిడ "ఆర్ యూ ఓకే?" అని అడిగింది. ఇంత ఓకేగా నేను ఏడాదిలో ఎప్పుడూ లేనని చెప్పాను. సీసా ఇప్పటికి ఊరిందన్నమాట, నా చేతిలో తప్పు లేదన్నమాట అనుకున్నాను. తిరిగొచ్చేదాకా సిగరెట్ ఊసే లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ గరాజ్‌లో అగరొత్తులు వెలిగించి, అదే సీసాలోది పీల్చాను. ఆ పూట కొంచెం రుచి ఉంది. సోమవారానికి సగమైంది. బుధవారానికి గంజి ఆవిరి. సీసా అదే, కాయిల్ అదే, మనిషీ అదే. మారింది ఏమిటా అని చుట్టూ చూస్తే నా మోచేతి పక్కనే నాలుగు అగరొత్తులు సన్నగా పొగ వదులుతున్నాయి.

రుచిలో సగానికి పైగా ముక్కు పనే. జలుబు చేసినప్పుడు అందరికీ తెలిసే సంగతే. నెలల తరబడి పొద్దస్తమానం ఆ పొగలో కూచుని నా ముక్కుని నేనే మొద్దుబార్చుకున్నాను. ఇంగువ తెలియలేదు, కాఫీ తెలియలేదు, మామిడి తెలియలేదు. మొదటి సీసా కూడా బాగానే కుదిరి ఉంటుంది. ఎవరికో వాసన రాకూడదని నాకే వాసన రాకుండా చేసుకున్నాను. ఆ పొగ చాటునే మళ్ళీ సిగరెట్ దాకా వెళ్ళొచ్చాను. ఎంత కోపమొచ్చిందంటే, ఆ నాలుగింటినీ మొక్కలకి పెట్టుకున్న నీళ్ళ బకెట్‌లో ముంచేశాను.

ఆయన రాగానే చెప్పాను, ఇంక వెలిగించనని, ఎందుకో కూడా చెప్పాను. అంతా విని, "ఈ శనివారం భోజనాలు మనింట్లోనే కదా. అది అయిపోయాక ఆపెయ్" అన్నాడు.

"ఆపేశాను" అన్నాను.

శనివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. ఆడవాళ్ళు వంటింట్లో, మగవాళ్ళు వెనక పాటియోలో. అక్కడ అప్పటికే రెండు సిగార్లు కాలుతున్నాయి. డ్యూటీ ఫ్రీలో కొన్నారట, వాటి వాసన గురించి అందరూ మెచ్చుకుంటూ మాట్లాడుకుంటున్నారు. వాటికి యాష్‌ట్రే తెచ్చి పెట్టింది మా ఆయనే. పెట్టొచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి, పులిహోర వంక చూస్తూ, "గరాజ్‌లో రెండు వెలిగించు, ప్లీజ్" అన్నాడు చిన్నగా.

నేను పెద్దగానే "వెలిగించను" అన్నాను. గరిటె పక్కన పెట్టి, గరాజ్‌లోకి వెళ్ళి వేప్ తెచ్చుకుని, పాటియోలో ఆ సిగార్ల మధ్య కుర్చీ లాక్కుని కూచుని పీల్చాను. ముక్కు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అయినా కాస్త మామిడి తగిలింది.

అందరూ నా వైపు తిరిగారు. సిగార్ పట్టుకున్న ఒకాయన, నన్నెప్పుడూ చెల్లెమ్మా అని పిలిచేవారు, "ఇదేంటి చెల్లెమ్మా, నువ్వు కూడానా?" అన్నారు.

"మీ చేతిలో ఉన్నదాని చెల్లెలే అన్నయ్యగారూ. మీ వాసన పోవడానికి మీ ఇంట్లో ఏం వెలిగిస్తారో కాస్త చెప్పండి" అన్నాను. ఆయన సిగార్ వంక చూసుకున్నారు.

తలుపు దగ్గర అలికిడైంది. మా అందరిలోకీ పెద్దావిడ, అందరం ఆంటీ అని పిలిచే ఆవిడ, టీ ట్రేతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. ఇక నాలుగు చీవాట్లు తప్పవనుకున్నాను. పడడానికి సిద్ధంగానే ఉన్నాను, తిరిగి అనడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

"మామిడిపండు వాసనేంటే, కాలం కాని కాలంలో?" అంది.

"ఇదే ఆంటీ. సిగరెట్లు మానడానికి."

"అనుకున్నాలే. దేవుడి దగ్గర ఒక ఒత్తి, గరాజ్‌లో నాలుగు ఒత్తులు. అదేం భక్తో నాకు అర్థమయ్యేది కాదు." ట్రే బల్ల మీద పెట్టి, నా కప్పు నాకు అందిస్తూ అడిగింది. "ఇంతకీ మానేశావా?"

"మానేశానాంటీ."

"ఎన్నాళ్ళయింది?"

"పద్నాలుగు నెలలు."

"మంచి పని చేశావు. ఇంక దాని జోలికి పోకు. తర్వాత ఇదీ అవతల పారెయ్" అని మిగతా కప్పులు పంచడానికి వెళ్ళిపోయింది. టీ చల్లారేదాకా తాగలేకపోయాను. ఆ ప్రశ్న అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు.

అందరూ వెళ్ళాక మా ఆయన సింక్ దగ్గర గిన్నెలు కడుగుతూ, "వాళ్ళు ఇంటికెళ్ళి ఏం మాట్లాడుకుంటారో" అన్నాడు.

"మాట్లాడుకోనీ. రోజూ వాసన లేదుగా, వాసన లేదుగా అని అడిగావు. మానేశావా అని ఒక్కరోజైనా అడిగావా? పద్నాలుగు నెలలైంది."

ఆయన చేతిలో పళ్ళెం మీంచి నీళ్ళు అలా కారిపోతూనే ఉన్నాయి. గ్రీన్ కార్డు లైన్లో మా తేదీ ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి.

"పద్నాలుగా?" అన్నాడు.

"పద్నాలుగు" అన్నాను. "గుర్తు పెట్టుకో."