కోతపండుగ వేలంలో దిగిన చేయి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, అక్టోబరులో, మా మండీ యజమాని నన్ను పుంగనూరు దగ్గరి ఒక పల్లె చర్చికి డెప్యుటేషన్ మీద పంపాడు. అప్పట్లో నేను మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం వేసేవాణ్ణి. మండీలో యజమాని తర్వాత గుమాస్తా, గుమాస్తా తర్వాత నేను, నా తర్వాత హమాలీలు, ఆ తర్వాతే టమోటాలు. నేను నోరు తెరిస్తే హార్స్‌లీ హిల్స్ మీద పడుకున్న టూరిస్టులు ఉలిక్కిపడి లేచేవాళ్లు. చివరికి ఆ గొంతే పోయింది. ఇక అరవొద్దని డాక్టరు చెప్పడంతో యాభై దాటీ దాటగానే రిటైరయ్యాను.

మా పనిలో సూత్రం ఒక్కటే. పెట్టెల వరుస పక్కన నడుస్తూ ధర చెబుతాం, చెయ్యి భుజం దాటి లేస్తే పాట పెరిగినట్టు. అది చెవి గోక్కోవడానికి లేచిందా, ఈగను తోలడానికి లేచిందా అన్నది మాకు అనవసరం. లేచిన చేతిని చూడనట్టు నటించినవాడికి మరుసటి రోజు మార్కెట్లో పని ఉండదు.

చర్చిలో వేలం ఏమిటని నేనూ అడిగాను. కోతపండుగ నాడు సంఘస్థులు తమ పంటలో మొదటిదీ మంచిదీ తెచ్చి అర్పిస్తారట. వడ్లు, కోళ్లు, చెరుకు గడలు, నిమ్మకాయలు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చింది చర్చి పనులకు పోతుంది. ఒక్క నిమ్మకాయ మేక ధర పలికినా అక్కడ ఎవరూ నవ్వరు.

అసలు యుద్ధం గుమ్మడికాయ దగ్గర. ఏటా ఇద్దరు తోడికోడళ్లు దానికోసం పాడేవాళ్లు. పెద్దామె ఎస్తేరమ్మ, మదనపల్లెలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె సూది వేసిన సగం ఊరు ఇప్పటికీ ఒక పక్కకు ఒరిగే కూర్చుంటుంది. చిన్నామె గ్రేసమ్మకు కుప్పంలో పట్టుగూళ్ల వ్యాపారం. అత్తగారు పోయినప్పుడు ఆవిడ బైబిలు ఎవరింటికి చేరాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఆ పంతంతోనే చర్చికి ప్రహరీ లేచింది, మైకుసెట్టు వచ్చింది. ఈసారి వంతు పైకప్పుది. సంఘ పెద్దలు రేకులకు ముందే ఆర్డరు ఇచ్చేశారు. ఆ ఇద్దరూ కలిసిపోవాలని మాత్రం ప్రతి శుక్రవారం ఉపవాసముండి మరీ ప్రార్థన చేసేవాళ్లు.

వేలానికి ముందు ఎస్తేరమ్మ నన్ను చర్చి వెనక్కి పిలిచింది. సూది తీస్తుందేమోనని నా నడుం దానంతటదే బిగుసుకుపోయింది. ఈ ఏడాది పాడకూడదనుకుంటున్నానని చెప్పింది. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే తనకు ప్రభువు కాదు, ఆ గుమ్మడికాయే కనబడుతోందట. తోడికోడలి మీద పగ తీసెయ్యమని నెలల తరబడి మోకాళ్ల మీద అడిగిందట. పోయిందనే అనిపిస్తోంది గానీ నమ్మకం లేదంది.

“లోపల మనిషి మారినాదప్పా, సెయ్యి మాత్రం ఇంకా పాతదే. అది లేస్తే నువ్వు సూడొద్దు.”

నేను అదిరిపోయాను. పాడతామని బతిమాలినవాళ్లను చూశాను గానీ, తన పాట తీసుకోవద్దని బతిమాలిన మనిషిని చూడటం అదే మొదటిసారి. మా సూత్రం వివరించి, లేచిన చేతిని వదలడం నావల్ల కాదన్నాను.

“అట్లయితే దాన్ని దేవుడే పట్టుకోవాల” అని వెళ్లిపోయింది.

గుమ్మడికాయను ఇద్దరు మోసుకొచ్చారు. పుంగనూరు ఆవుదూడ పక్కన నిలబెడితే దూడే చిన్నబుచ్చుకునేది. ధర చెప్పాను. గ్రేసమ్మ చెయ్యి జెండాలా లేచింది. జనం మొత్తం ఎస్తేరమ్మ వైపు తిరిగారు. ఒకటోసారి అన్నాను, ఏమీ లేదు. రెండోసారి అన్నాక ఆమె కుడిచెయ్యి ఒడిలోంచి కదిలింది. భుజం దాకా లేచింది. సంఘ పెద్దల ముఖాలు వెలిగాయి. నా నోట్లో తర్వాతి అంకె సిద్ధంగా ఉంది. ఆ చెయ్యి భుజం దాటకుండా అక్కడే ఆగి, మెల్లగా దిగి చీర కుచ్చిళ్లలో దాక్కుంది. ఆమె నుదుటి మీద ఆపరేషను చేయించుకున్నంత చెమట.

మూడోసారి అన్నాను. గుమ్మడికాయ సంతలో పలికే ధరకే గ్రేసమ్మ పరమైంది.

చప్పట్లు లేవు. పాస్టరుగారి నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. కోశాధికారి రేకులు లేని ఆకాశాన్ని అప్పుడే చూస్తున్నట్టు పైకి చూశాడు. ఏళ్ల తరబడి ఏ అద్భుతం కోసం ప్రార్థించారో అది కళ్లముందు జరిగితే, సంఘమంతా పాము దూరినట్టు బిగుసుకుపోయింది.

అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది గ్రేసమ్మ. లేచి నిలబడి అడిగింది. “యాల పాడ్లేదు నువ్వు? నాకు దానం చేస్తాండావా?”

ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపింది. గ్రేసమ్మ నా వైపు తిరిగి, పాట మళ్లీ మొదలుపెట్టమంది. మూడోసారి అనేసిన పాట తిరగదని చెబితే, ఆమె వినలేదు. తన ధర మీద తనే ధర పెంచింది. దాని మీద మళ్లీ పెంచింది. ఎదుట మనిషి లేకుండా ఒక మనిషి తనతో తానే పోటీ పడటం మార్కెట్లో ఎన్నడూ చూడలేదు. కిందటేడు ధర దాకా పోయి, ఊపిరందక ఆగింది. పాస్టరుగారు రాసుకోమని కోశాధికారికి సైగ చేశారు. నేను పక్కకు తప్పుకున్నాను.

గ్రేసమ్మ ఆ కాయను దొర్లించుకుంటూ వెళ్లి ఎస్తేరమ్మ కాళ్ల దగ్గర ఆపింది.

“వచ్చే ఏడాది నువ్వు పాడకుంటే నేను ఈడికి రానక్కా.”

“పాటకు రావొద్దులే” అంది ఎస్తేరమ్మ. “ఇంటికి రా.”

గ్రేసమ్మ కాయను అక్కడే వదిలి కుప్పం బస్సుకు వెళ్లిపోయింది. తర్వాత ఆమె ఎస్తేరమ్మ ఇంటికి వెళ్లిందో లేదో నాకు తెలియదు. గ్రేసమ్మ డబ్బుతో పైకప్పుకు రేకులైతే వేశారు. మరుసటి ఏడాది మాత్రం, పోటీయే లేని పాటకు నాతో పనేముందనుకున్నారేమో, సంఘ పెద్దలు నన్ను పిలవలేదు.

నేను తెలుసుకున్నది ఇంతే. ఒక మనిషి మారాలని ప్రార్థించేవాళ్లు, ఆ మనిషి మారితే తమకు ఏం పోతుందో ముందే చూసుకోవాలి. చూసుకోకపోతే, ప్రార్థన ఫలించిన రోజున అందరికంటే గట్టిగా దెబ్బ తినేది వాళ్లే.