శోకం పాటలో పేరు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏ పాటనూ ఎక్కడ పడితే అక్కడ పాడనిచ్చేవాళ్ళు కాదు. మిరపకోత పాట చేలో పాడాలి, లాలిపాట ఉయ్యాల దగ్గర పాడాలి, శోకం మాత్రం చనిపోయిన మనిషి తల దగ్గర కూర్చునే పాడాలి. అందరూ బతికున్న ఇంట్లో శోకం ఎత్తితే, ఆ పాట తనకు కావాల్సిన మనిషిని ఆ ఇంట్లోనే వెతుక్కుంటుందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నేను నమ్మాను. ఇప్పుడు యాభై దాటి, మోకాళ్ళు అరిగి, ఒక మనవడు కూడా పుట్టాక సైతం ఆ నమ్మకం పూర్తిగా వదల్లేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో చావు జరిగినా మా నాయనమ్మకు కబురొచ్చేది. మామూలుగా ఆమెది గరుకు గొంతు. తిట్టడం మొదలుపెడితే వీధి చివరి కుక్క కూడా లేచి పోయేది. ఆ గొంతే శోకం ఎత్తితే, అంతవరకూ బిగుసుకుని నిలబడ్డ మగవాళ్ళు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అమ్మా, అయ్యా అని వరుస పెట్టి, పేరు పెట్టి పిలవడంలోనే ఆ పాట బలమంతా ఉంది. పోయినవాళ్ళ పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పేరు లేకుండా శోకం లేదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళున్నప్పుడు మా నాన్న పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో ఉంచి ఇంటికి తెచ్చారు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడట గానీ మనిషిలో మనిషి లేడు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చొక్కా మీదే పోయేవి. అటూ ఇటూ ఆడుకుంటూనే నేను మాటిమాటికీ వచ్చి ఆయన ఛాతీ లేస్తోందా లేదా అని చూసిపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందేమోనని భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కింటి అన్నకు శోకం పాట కావాల్సి వచ్చింది. ఆయనకు మైకు సెట్ల పని. పాటలంటే పిచ్చి. మద్రాసులో ఒక క్యాసెట్ల కంపెనీకి వెళ్ళి మా పల్లె పాటలు వినిపిస్తే, ఇవి ఎవరు కొంటారయ్యా అని పంపేశారట. ఆ ఉక్రోషంతో ఊరికొచ్చి, ఇద్దరు డప్పు వాయించే స్నేహితులను కలుపుకుని, సొంతంగా టేపు రికార్డరు కొని, పాడగలిగిన ప్రతివాళ్ళ ముందూ దాన్ని పెట్టడం మొదలెట్టాడు. రికార్డు చేసిన పాటలను ఇంట్లోనే వేరే క్యాసెట్లలోకి ఎక్కించి, అట్టల మీద చేత్తో పేర్లు రాసి, తిరునాళ్ళలో చాప పరిచి అమ్మేవాడు.

ఆయన శోకం అడగ్గానే మా అమ్మ కంటికీ మంటికీ ఏకధారగా ఏడ్చింది. మంచంలో మనిషి ఉన్న ఇంటికొచ్చి అడిగే మాటేనా అని ఆయన్ని వాకిట్లోంచే పంపేసింది. నాయనమ్మ మాత్రం రెండు రోజులు ఆలోచించి తనే ఆయన్ని పిలిచింది. అంతకుముందు ఆమె ప్రత్తిపాడులో ఒక చావుకు వెళ్ళొచ్చింది. అక్కడ పట్నం నుంచి వచ్చిన కూతుళ్ళు గోడల వంక చూస్తూ కూర్చున్నారట. దుఃఖం ఉంది గానీ దాన్ని బయటికెలా తీసుకురావాలో వాళ్ళకు తెలియలేదట.

"ఏడవటం కూడా రాని ఇళ్ళు వస్తన్నాయిరా అబ్బాయ్," అంది నాయనమ్మ. "నేను పోయాక వాళ్ళకెవరు చెప్తారు? పాడతాను. కప్పు కింద మాత్రం పాడను."

అందుకని ఊరి బయట మా మిరప కళ్ళంలో పాడాలనుకున్నారు. పైన ఆకాశం, కింద ఎండబోసిన కాయలు. ఇంటి కప్పు లేదు కాబట్టి తప్పు లేదని పెద్దవాళ్ళందరూ తృప్తిపడ్డారు. నాకు మాత్రం అన్నం సహించలేదు. పెద్దవాళ్ళకు తట్టనిది నాకు తట్టింది. కళ్ళంలో పాడినా ఆ పాట టేపులోకి వెళుతుంది, టేపు అన్నతో పాటు ఇంటికి వస్తుంది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. రికార్డు చేసిన ప్రతి పాటనూ ఆయన గోడలదిరేలా పదిసార్లు పెట్టుకుని వింటాడు. మా నాన్న మంచం ఆ గోడకే ఆనించి ఉంది.

ఆ పొద్దున కళ్ళంలో మా అమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కాయల ఘాటుకు డప్పు అన్నలిద్దరూ ఒకటే దగ్గు. పక్కింటి అన్న కళ్ళు తుడుచుకుంటూ, మామ్మా, నువ్వింకా మొదలే పెట్టలేదు, అప్పుడే ఏడుస్తున్నాం అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. నాయనమ్మ కొంగు పట్టుకుని పక్కకు లాగి, గోడ సంగతీ మంచం సంగతీ గబగబా చెప్పేశాను. ఎవరూ పోలేదు కాబట్టి టేపులో పాటకు పేరు ఉండదు కదా, పేరు లేకపోతే అది నాన్నను పట్టుకుంటుంది కదా అన్నాను. పిచ్చిదానా అని కొట్టిపారేస్తుందనుకున్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో నాకు ధైర్యమేమీ దొరకలేదు. నేను చెప్పింది ఆమెకు కూడా నిజమే అనిపించిందని అర్థమై ఇంకా బెదిరిపోయాను. పోయి అమ్మ పక్కన కూర్చోమంది, అంతే.

అన్న మీట నొక్కాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

"పొద్దు వాలకముందే పొలిమేర దాటితివా తల్లీ..."

ఆ తర్వాత పేరు రావాలి. నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. మూసుకున్నా వినపడింది. అది నేనెన్నడూ వినని పేరు. నాకు తెలిసి మా ఊళ్ళో ఆ పేరుగల మనిషి లేదు. హమ్మయ్య అనుకుని చెవుల మీద చేతులు తీస్తున్నాను. ఇంతలో మా అమ్మ ఒళ్ళోని కాయలన్నీ జారిపోతుండగా లేచి నిలబడింది.

"అత్తయ్యా, వద్దు! మీ పేరు మీరు పెట్టుకోవడమేంటి, ఆపండి!"

ఊరంతా ఆమెను మామ్మ అనో, పెద్దమ్మ అనో, అత్త అనో పిలిచేది. మా నాయనమ్మకు ఒక పేరుందని ఆ రోజే తెలిసింది నాకు, అదీ ఆమె శోకంలోనే. ఆమె ఆపలేదు. కళ్ళు తెరవకుండానే చేత్తో మా అమ్మను కూర్చోమని సైగ చేసి, తన పేరు పెట్టి తనను తానే పిలుచుకుంటూ, తను కన్న కొడుకును తలుచుకుంటూ, చివరి చరణం దాకా పాడింది. కళ్ళంలో ఆడవాళ్ళందరూ ఏడ్చారు. ఎవరు పాటకు ఏడ్చారో, ఎవరు ఘాటుకు ఏడ్చారో చెప్పలేను. నేను మాత్రం భయంతో ఏడ్చాను.

ఇంటికొచ్చే దారిలో ఆమె చెయ్యి వదల్లేదు నేను. ఇలా ఎందుకు చేశావని అడిగాను.

"పాట ఎవరో ఒకర్ని అడుగుద్ది కదే. అడిగితే ముందు నేనున్నాగా."

"నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? చూడు," అని తన రెండో చెయ్యి కూడా నా చేతిలో పెట్టింది. చల్లగా ఉంది. నాన్న చేయి వణికినట్టే అదీ వణుకుతోంది.

ఆ సాయంత్రం గోడ అవతల టేపు మోగింది. నాన్న మంచం మీద లేచి కూర్చుని, అమ్మ గొంతు కదూ అన్నాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. మెల్లమెల్లగా ఆయన తేరుకున్నాడు, మళ్ళీ పైరు నాటికి చేలోకి కూడా వెళ్ళాడు. నేను మాత్రం కాపలా మార్చాను. నాన్న ఛాతీ వదిలేసి, మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి వేలు కరిచినంత పని చేసింది. ఇంకా పోలేదులేవే, అవతలికి పో అని తిట్టింది. ఆ క్యాసెట్లు ఎన్నో ఊళ్ళకు వెళ్ళాయి. చీరాల నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చి, మా ఇంట్లో అందరం మీకోసం ఏడ్చామండీ అని ఎదురుగా బతికున్న మనిషికి దణ్ణం పెట్టాడు. నాయనమ్మ ఆయనకు మజ్జిగిచ్చి పంపింది. నా పెళ్ళయ్యాక, నిండు వయసులో పోయింది.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని మా ఇంటికి వచ్చింది. ఏ కంపెనీ అండా లేకుండా వాళ్ళే పాత పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెడుతున్నారు. పక్కింటి అన్న దగ్గర మిగిలిన క్యాసెట్టు బూజు పట్టిపోయింది, శోకం నీకే వచ్చు కదత్తా అంది. నేర్పాను. ఆటోల మోత వినపడకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఆ పిల్ల మైకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పేరు సంగతి నేను చెప్పగానే నవ్వేసింది.

"దానికేముందత్తా, నా పేరే పెట్టి పాడేస్తా. ఆవిడ పెట్టుకోలేదా ఏంటి?"

పక్కగదిలో మనవడు నిద్రపోతున్నాడు, ఎదురుగా ఇంకా పెళ్ళి కూడా కాని పిల్ల. ఇవన్నీ మూఢనమ్మకాలని నాకు తెలియదా? చదువుకున్నదాన్నే. అయినా ఆ పిల్ల పేరు ఆ చోట వినే ధైర్యం నాకు లేదు.

"లే," అన్నాను. "అక్కణ్ణించి లే ముందు."

నా గొంతు విని బిత్తరపోయి లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఆ చోట నేను కూర్చున్నాను. మైకు కొంచెం నా వైపు జరపమన్నాను. కళ్ళు మూసుకుని, శోకం ఎత్తి, నా పేరు చెప్పాను.