పరమేశ్వర్ ఎన్నడూ తాగని మందు

పరమేశ్వర్ పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టలేదు. అయినా ఏడాదిపాటు సూరత్‌లోని గోడాదరా బస్తీలో ఆయనంత పేరున్న మాజీ తాగుబోతు మరొకడు లేడు.

తాగింది ఆయన భార్య ఐలమ్మ.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతవాళ్ళు. పరమేశ్వర్ మగ్గాల షెడ్డులో పని చేస్తాడు. ఐలమ్మ ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె మేనత్తలు పండగనాడు మగవాళ్ళ ఎదుటే కల్లు తాగి, మూతి తుడుచుకుని, పాటలు కూడా పాడేవాళ్ళు. ఎవరూ వింతగా చూసేవారు కాదు. సూరత్‌లో ఆ కల్లు లేదు. గుజరాత్‌లో మందే నిషేధం. నిషేధం కాబట్టి సీసాలో కాక పొట్లీలో దొరుకుతుంది, అంటే గుప్పెట్లో ఇమిడే ప్లాస్టిక్ సంచిలో నాటుసారా. వంగి వంగి నడుము పట్టేసిన సాయంత్రాల్లో మొదలైన పొట్లీ, కొన్నాళ్ళకు పొద్దున్నే కత్తెర పట్టిన చెయ్యి వణక్కుండా ఉండడానికి కూడా కావాల్సి వచ్చింది. దాన్ని బియ్యం డ్రమ్ములో దాచేది.

ఒకనాడు దారం బదులు చీర కొంగే కోసేసింది. తెగిన కొంగు ఒళ్ళో పెట్టుకుని భర్తతో అంది: “ఇగ మానుత. ఏడన్న మాన్పించే జాగ ఉంటే తోల్కపో. నాకు హిందీ సరిగ రాదు, నువ్వు పక్కన ఉండు.”

సలాబత్‌పురాలో ఒక బడి మేడ మీద గదిలో, మందు మానినవాళ్ళు ఆదివారం ఆదివారం కూడి మాట్లాడుకుంటారని తెలిసింది. ఇద్దరూ వెళ్ళారు. మీటింగ్ నడిపే హస్ముఖ్‌భాయ్ మంచి మనిషి. ఆయన మంచితనమే కొంపముంచింది. గుమ్మంలోనే పరమేశ్వర్ రెండు చేతులూ పట్టుకుని, “ధైర్యం చేసి వచ్చావు తమ్ముడూ!” అంటూ ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఐలమ్మకు వెనక బల్ల చూపించాడు. అది తాగుబోతుల భార్యలు కూర్చునే బల్ల.

పరమేశ్వర్ కంగారుగా, “నేను తాగను భాయ్,” అన్నాడు.

గదంతా ఘొల్లున నవ్వింది. “మొదటిరోజు మేమందరం అదే అన్నాం!” అన్నాడు హస్ముఖ్‌భాయ్, ఆప్యాయంగా భుజం తట్టి.

“ఒట్టు భాయ్, ఒక్క చుక్క కూడా...”

“ఒట్టు కూడా వేశాం!”

అందరూ చప్పట్లు కొట్టారు. పరమేశ్వర్ ఎంత గట్టిగా కాదంటే అంత ముదిరిన కేసని వాళ్ళకు నమ్మకం కుదిరింది.

ఇంటికొచ్చాక ఐలమ్మ నవ్వాపుకోలేకపోయింది. పరమేశ్వర్ మాత్రం ఆలోచించే మాట్లాడాడు. “గిట్లనే కానీ. ఆడది తాగిందంటే బస్తీల బతకనిస్తరా? నా పేరు పోతే పోనీ. నువ్వెనక కూసోని ఇను.”

అలా ఆమె తాగుడు ఆయన నోట్లోకి చేరింది. ప్రతి ఆదివారం బస్సులో ఆమె చెప్పేది, మీటింగ్‌లో ఆయన అప్పజెప్పేవాడు. బియ్యం డ్రమ్ములో పొట్లీ దాచేవాణ్ణని చెప్పినప్పుడు, వంటింట్లో దాచుకునే మగాణ్ణి చూడటం ఇదే మొదటిసారని ఒకాయన ఆశ్చర్యపోయాడు. రాను రాను పరమేశ్వర్ రుచి మరిగాడు. తాగి మురుగు మోరీలో పడ్డానని, కుక్క ముఖం నాకిందని సొంతంగా కలపసాగాడు.

“నేనెన్నడు వడ్డనయ్యా మోరీల?” అని బస్సులో గొడవపడింది ఐలమ్మ.

“జర మసాలా ఉండాలె గద. ఇనేటోళ్ళు ఏడ్చిండ్రు తెలుసా?”

ఈలోగా ఆయన కీర్తి గోడాదరా అంతా పాకింది. షెడ్డులో మేస్త్రీ జాలిగా మజ్జిగ తెచ్చిచ్చేవాడు. పక్కింటి నర్సవ్వ వచ్చి, “ఇసొంటోనితోని ఎట్ల బతికినవే ఐలవ్వా!” అని కళ్ళు తుడుచుకుంది. వెనక బల్ల మీద భార్యలు, “మీ ఆయన కొట్టేవాడా?” అని అడిగేవాళ్ళు. ఐలమ్మ టీ గ్లాసు నోటికెత్తుకునేది. ఒక్కరూ ఆమెను, “నీకెలా ఉంది?” అని అడగలేదు.

వానాకాలంలో నర్సవ్వ మరిది చనిపోయాడు. మూడో రోజు పోయినవాళ్ళ పేరున అన్నం, మాంసం, కల్లు పెట్టి, కాకి ముట్టాక అందరూ తలా కాస్త పుచ్చుకోవడం వాళ్ళ ఆచారం. కల్లు దొరకని చోట పొట్లీలే తెచ్చారు. నర్సవ్వ గ్లాసు చేతికిచ్చింది. ఆ వాసనకు ఐలమ్మ ఒళ్ళంతా ఆ గ్లాసువైపే వంగింది.

“నాకొద్దు.”

“వద్దనొద్దే. పోయినోడు అలుగుతడు.”

“అలగనీ. సచ్చినోడు అలిగితె నాకేమైతది? బతికినదాన్ని నేను,” అంటూ గ్లాసు నేలమీద పోసేసింది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇంటికెళ్ళి తలుపేసుకుంది గానీ, తాగలేదు.

ఆ ఆదివారం అదే ముచ్చట పరమేశ్వర్ చెప్పాడు. బాగా చెప్పాడు. గదంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెనక బల్ల మీద పక్కావిడ ఐలమ్మ చెయ్యి నొక్కి, “అదృష్టవంతురాలివి,” అంది. ఆరోజు బస్సులో ఐలమ్మ భర్త పక్కన కాక వేరే సీట్లో కూర్చుంది.

ఏడాది మానినవాళ్ళకు ఇత్తడి బిళ్ళ ఇస్తారు. ఆసారి అందరూ ఇంటిల్లిపాదితో డుమస్ వెళ్ళి, సముద్రం ఒడ్డున వేడివేడి టమాటా భజియాలు తింటూ బిళ్ళలు పంచుకున్నారు. “పరమేశ్వర్‌భాయ్!” అని పిలిచాడు హస్ముఖ్‌భాయ్. పరమేశ్వర్ చొక్కా సర్దుకుని లేచాడు. భార్య ఆయన్ని పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

“ఆ బిళ్ళ నాది. పీనేవాలీ మై. యే నహీ.” తాగింది తను, ఆయన కాదని వచ్చీరాని హిందీలో చెప్పింది.

హస్ముఖ్‌భాయ్ కళ్ళు చెమర్చాయి. “చూశారా, భర్త పరువు కోసం ఎంత మాటైనా అంటుంది ఆడది!”

ఐలమ్మ తల పట్టుకుంది. “నిజమే భాయ్, నేనెప్పుడూ తాగలేదు,” అన్నాడు పరమేశ్వర్.

“మళ్ళీ మొదటిరోజు మాటేనా తమ్ముడూ?”

“ఆయన్నొకటడుగుండ్రి,” అంది ఐలమ్మ. “పొట్లీ ఎట్ల ఇప్పుతరు?”

పరమేశ్వర్ గర్వంగా చెప్పాడు: “కత్తెరతో.”

మాజీ తాగుబోతులందరూ ఒక్కసారి ఆయనవైపు తిరిగారు. చేతులు వణికే వేళ కత్తెర వెతుక్కునే తాగుబోతును వాళ్ళెవరూ ఎరగరు. ఐలమ్మ పంటితో మూల కొరికి, పక్కకు ఉమ్మినట్టు చేసి చూపించింది. ముందు వరుసలో ఉన్న ముసలాయన ఇసకలో చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. “ఈమే! ఈమే!”

అందరూ నవ్వలేదు. ఒకాయన లేచి, “ఆడవాళ్ళు ముందు కూర్చుంటే మీటింగ్ పేరు పోతుంది. బిళ్ళ ఇచ్చేద్దాం, కూర్చోవడం మాత్రం వెనకే,” అన్నాడు. హస్ముఖ్‌భాయ్ ఇబ్బందిగా, “ఆలోచిద్దాం బెన్. చెల్లెలివే గానీ, నీకు భాష కూడా రాదు...” అని నసిగాడు.

“బిళ్ళ మీ దగ్గరనే ఉంచుండ్రి,” అంది ఐలమ్మ. “వచ్చే ఆదివారం ముందర కుర్చీల కూసున్నంక ఇయ్యుండ్రి. మోరీల పడకున్నా తాగినదాన్నే నేను. మీ మగోళ్ళ లెక్కనే చెయ్యి వణికింది నాకు. తెలుగుల చెప్త. సమజ్ కాకుంటే మా ఆయన హిందీల చెప్తడు. ఏడాది సంది ఆయనకదే పని.”

ఆదివారం ఆమె వెళ్ళింది. కుర్చీ ఎవరూ చూపించలేదు. తానే లాక్కుని ముందు వరుసలో వేసుకుంది. అభ్యంతరం చెప్పినాయన ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు, కానీ లేచి పోలేదు. హస్ముఖ్‌భాయ్ జేబులోంచి బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు. “చెప్పు బెన్. నీకెలా ఉంది?”

ఐలమ్మ నోరు తెరవబోతుండగా గుమ్మంలో నర్సవ్వ కనిపించింది.

“డుమస్ ముచ్చట ఇన్న. ఊకనే చూద్దామని వచ్చిన,” అంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

“చూసేటందుకైతే ఎనక బల్ల,” అంది ఐలమ్మ. “కాకుంటే ఇటు రా.”

నర్సవ్వ వెనక బల్లవైపు చూసింది, మెట్లవైపు చూసింది. చివరికి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి ఐలమ్మ పక్కన వేసుకుంది.

వాళ్ళ వంతు అయ్యేదాకా పరమేశ్వర్ ఇద్దరి మాటలూ హిందీలో చెప్పాడు. కుక్కను కలపబోతే ఐలమ్మ గిల్లింది. పని ముగిశాక వెళ్ళి వెనక బల్ల మీద, భార్యల మధ్య కాస్త చోటు చూసుకుని కూర్చున్నాడు. పక్కావిడ టీ గ్లాసు అందించి, జాలిగా అడిగింది:

“మీ ఆవిడ కొట్టేదా?”

“అప్పుడప్పుడు,” అన్నాడు పరమేశ్వర్.